పర్సనల్ ఫైల్లోకి ఎక్కకూడని మాటలు: హైదరాబాద్ సంస్థల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట కార్యాలయాల యాజమాన్యాలకు, జీడిమెట్ల, పాశమైలారం, చర్లపల్లి, నాచారం పారిశ్రామికవాడల్లోని కర్మాగారాల యజమానులకు, ఆయా సంస్థల మానవ వనరుల విభాగాధిపతులకు నమస్కారాలు.

నేను 1983 నుంచి 2014 వరకు నగర శివార్లలోని ఒక కర్మాగారంలో సంక్షేమ అధికారిగా పనిచేశాను. 500 మంది, అంతకు మించి కార్మికులున్న కర్మాగారంలో సంక్షేమ అధికారి ఉండి తీరాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్‌లో నిర్దేశించింది కాబట్టి ఆ ఉద్యోగం ఏర్పడింది, అందులో నేను కుదురుకున్నాను. క్యాంటీన్‌లో పప్పు నీళ్లలా ఉందన్న ఫిర్యాదు మొదలుకొని క్వార్టర్లలో మంచినీళ్ల కొరత, క్రెడిట్ సొసైటీ అప్పుల మంజూరు, చనిపోయిన కార్మికుడి భార్యకు రావలసిన బకాయిల దాకా అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. అయితే పగటి పూట బల్ల దగ్గరికి వచ్చేవి అందరి ముందూ చెప్పుకోగలిగిన కష్టాలేనని, చెప్పుకోలేనివి రాత్రి తొమ్మిది దాటాక మా క్వార్టర్ వెనక తలుపు దగ్గరికి వస్తాయని చేరిన ఏడాదిలోపే నాకు తెలిసింది. జీతం చేతికి రాకముందే చిట్టీలకు, చేబదుళ్లకు పోయిందని చెప్పుకోవడానికి వచ్చినవారు ఉన్నారు. భర్త కొడుతున్నాడని, అయినా ఆయన ఉద్యోగం పోకూడదని ఏడ్చిన ఇల్లాళ్లు ఉన్నారు. రాత్రి షిఫ్టులో మిషన్ ముందు నిలబడితే చచ్చిపోవాలనిపిస్తోందని నేల చూపులు చూస్తూ చెప్పిన కుర్రవాళ్లూ ఉన్నారు.

ఈ లేఖ రాయడానికి కారణమైన సంఘటన 1991లో మొదలైంది. మా టర్నింగ్ షాపులో లేతు మీద పనిచేసే ఒక కార్మికుడి పెద్ద కొడుకు చెరువులో మునిగి చనిపోయాడు. ఆ తర్వాత ఆయన తాగుడుకు అలవాటుపడి నెలకు పది పన్నెండు రోజులు గైర్హాజరవుతూ వచ్చాడు. ఛార్జిషీటు ఇవ్వడానికి అంతా సిద్ధమైన దశలో ఒక రాత్రి నా దగ్గరికి వచ్చి, నిద్ర పట్టడం లేదని, కళ్లు మూస్తే నీళ్లే కనిపిస్తున్నాయని చెప్పాడు. ఆయన ఉద్యోగం కాపాడాలన్న ఒకే ఉద్దేశంతో నేను ఒక నోటు రాశాను. కుటుంబంలో మరణం కారణంగా ఈ కార్మికుడు తీవ్రమైన మనోవ్యాకులతకు, తాగుడుకు లోనయ్యాడని, చికిత్సకు ఒప్పుకున్నాడని, దయతో చర్య నిలిపివేయాలని ఆ నోటు సారాంశం. చర్య ఆగిపోయింది. ఆయన మందులు వాడాడు, తాగుడు మానాడు, మళ్లీ మంచి పనివాడయ్యాడు. కానీ ఆ నోటు ఆయన పర్సనల్ ఫైల్లో ఉండిపోయింది. 1997లో పదోన్నతి కమిటీ ముందుకు ఆ ఫైలు వచ్చినప్పుడు, కమిటీలో ఎవరో ఆ పేజీ దగ్గర ఆగి, ఇలాంటి మనిషి కింద పదిహేను మందిని ఎలా పెడతామని అడిగారట. పదోన్నతి ఆయన కంటే మూడేళ్లు జూనియర్ అయిన మరొకరికి వెళ్లింది. విషయం గుమాస్తాల ద్వారా ఆయనకు తెలిసింది. ఆయన నా మీద కేకలు వేయలేదు. గది గుమ్మంలో నిలబడి, "మీకు జెప్పిన ముచ్చట వాళ్లకెట్ల తెలిసింది సార్?" అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్ల పాటు మా వెనక తలుపు ఎవరూ తట్టలేదు. కార్మికుల కష్టాలు తీరిపోయి కాదు. చెప్పిన మాట ఫైలెక్కుతుందన్న సంగతి ఒక్క పూటలో షాపులన్నీ చుట్టి వచ్చింది. ఒకరి విషయంలో తప్పిన గోప్యత మూడు వేల మందికి తలుపు మూసేసింది. మంచి మనసుతో చేసిన పని కదా అని నన్ను నేను సమాధానపరచుకోవడానికి చాలాకాలం ప్రయత్నించాను, కుదరలేదు. ఎందుకంటే ఆ నోటు రాసే ముందు నేను ఆయన అనుమతి అడగలేదు. ఆ కాగితం ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో, ఎంతకాలం ఉంటుందో ఆలోచించనూ లేదు.

ఇప్పుడు మీ సంస్థల సంగతికి వస్తాను. ఉద్యోగులకు, వారి కుటుంబాలకు ఉచితంగా, రహస్యంగా మానసిక సహాయం అందించే సేవలను మీలో చాలామంది ఏర్పాటు చేశారు. ఉద్యోగుల సహాయ కార్యక్రమం అని, వెల్‌నెస్ హెల్ప్‌లైన్ అని రకరకాల పేర్లతో పిలుస్తున్నారు. ఈ ఆలోచన మూలాలు కూడా కర్మాగారాల్లోనే ఉన్నాయి. 1940లలో అమెరికాలో డ్యూపాంట్, ఈస్ట్‌మన్ కోడాక్ వంటి సంస్థలు తాగుడుకు బానిసలైన నైపుణ్యం గల పనివాళ్లను వదులుకోలేక, వారిని బాగుచేసుకోవడానికి మొదలుపెట్టిన ప్రయత్నాలే తరవాతి దశాబ్దాల్లో అప్పులు, దాంపత్య కలహాలు, దిగులు, పిల్లల పెంపకం వరకు విస్తరించాయి. మా లేతు కార్మికుడి లాంటి మనిషి కోసం పుట్టిన సేవ ఇది. దాన్ని మీరు మన నగరానికి తెచ్చినందుకు నాకు నిజంగా సంతోషం.

మా అమ్మాయి గచ్చిబౌలిలో ఒక కార్యాలయంలో ఆరేళ్లుగా పనిచేస్తోంది. వాళ్ల లిఫ్టులో ఆ హెల్ప్‌లైన్ పోస్టరు ఉంది, గుర్తింపు కార్డు వెనక నంబరు కూడా అచ్చు వేశారు. ఎప్పుడైనా ఫోన్ చేశావా అని అడిగాను. "ఆ నంబరుకు చేస్తే హెచ్‌ఆర్‌కి తెలియదని గ్యారంటీ ఏంటి నాన్నా?" అంది. ముప్ఫై ఏళ్ల కిందట మా గుమ్మంలో విన్న ప్రశ్నే మరో రూపంలో విన్నట్టయింది. ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లోని పిల్లలను, సాయంత్రం పార్కులో కలిసే యువకులను, వారి భార్యలను వీలైనప్పుడల్లా అడుగుతూ వచ్చాను. సేవ ఉందని వారిలో చాలామందికి తెలుసు, కాని దాన్ని నమ్మినవారు బహు తక్కువ. వారి అపనమ్మకానికి కారణాలు గాలిలోంచి పుట్టలేదు.

ఒక కార్యాలయంలో కౌన్సెలర్ వారానికి రెండు రోజులు వస్తారు. ఆమెకు ఇచ్చిన గది హెచ్‌ఆర్ విభాగం పక్కనే ఉన్న అద్దాల క్యాబిన్. లోపల కూర్చుని కళ్లు తుడుచుకుంటే అంతస్తు మొత్తానికి కనిపిస్తుంది. మరోచోట సేవ ఒక యాప్ ద్వారా అందుతుంది, అందులోకి వెళ్లాలంటే ఆఫీసు మెయిల్, ఉద్యోగి నంబరు కొట్టాలి, అపాయింట్‌మెంట్ ఖరారైనట్టు కబురు మళ్లీ ఆ ఆఫీసు మెయిల్‌కే వస్తుంది, క్యాలెండర్‌లో కూడా కూర్చుంటుంది, ఆ క్యాలెండర్ జట్టులో అందరూ చూడగలరు. ఇంకోచోట పని వేళల్లో గంటసేపు కౌన్సెలింగ్‌కు వెళ్లాలంటే మేనేజర్ అనుమతి కావాలి, ఎందుకో చెప్పాలి. చాలామంది సమస్యకు మూలం ఆ మేనేజరే అయి ఉండవచ్చన్న ఆలోచన ఆ నియమం రాసినవారికి తట్టినట్టు లేదు. ఒక కుర్రవాడు తన సొంత ఫోన్‌తో, సెల్లార్‌లో కారు అద్దాలు ఎక్కించుకుని, ఏసీ కూడా వేసుకోకుండా కూర్చుని మాట్లాడతానని నాతో చెప్పాడు. మే నెలలో హైదరాబాద్‌లో సెల్లార్‌లో నిలిపిన కారు ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. అంత ఉక్కలో కూర్చుని మాట్లాడడానికి సిద్ధపడిన మనిషికి సహాయం ఎంత అవసరమో, తన సంస్థ మీద భయం ఎంత ఉందో రెండూ ఆ ఒక్క దృశ్యంలోనే తెలుస్తాయి.

కాబట్టి నేను మిమ్మల్ని కోరుతున్నది ఒక్కటే. ఈ సేవలో గోప్యతను చివరి పేరాలో ఇచ్చే హామీగా చూడకండి. సేవ అంటేనే గోప్యత. అది లేకపోతే మీరు ఎంత పెద్ద కౌన్సెలర్‌ను పెట్టినా, ఎన్ని పోస్టర్లు అంటించినా ఖర్చు తప్ప మిగిలేది ఉండదు. దాన్ని మాటతో కాక ఏర్పాటుతో నిలబెట్టాలి. ఎవరో ఒక అధికారి మంచితనం మీద ఆధారపడకుండా, అధికారి కోరుకున్నా తెలుసుకోలేని విధంగా నిలబెట్టాలి.

ఆ ఏర్పాటు ఎలా ఉండాలో నా అనుభవం మేరకు చెబుతాను. సేవ అందించేవారు మీ జీతగాళ్లు కాకుండా బయటి సంస్థవారై ఉండటం మేలు. అర్హులెవరో తెలియడానికి మీరు ఉద్యోగుల జాబితా వారికి ఇవ్వండి, కాని వారి నుంచి మీకు ఒక్క పేరు కూడా తిరిగి రాకూడదు. ఈ మాట ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. బిల్లుల దగ్గర చాలామంది జాగ్రత్తపడరు. హెచ్‌ఆర్‌కు పేర్లు పంపని సంస్థే ఆర్థిక విభాగానికి పంపే ఇన్‌వాయిస్‌లో ఉద్యోగి నంబర్లు పెట్టవచ్చు, అక్కడి గుమాస్తా వాటిని ఎక్సెల్ షీటులోకి ఎక్కించవచ్చు. బిల్లు మొత్తం ఉద్యోగుల సంఖ్యను బట్టి ఏడాదికి ఇంత అని ఉంటే ఆ ప్రమాదమే ఉండదు. మూడు నెలలకోసారి వచ్చే వినియోగ నివేదిక విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. నలభై మంది ఉన్న జట్టులో మహిళలు ఆరుగురే ఉన్నప్పుడు, ఆ జట్టు నుంచి ఒక మహిళ వైవాహిక సమస్య గురించి సంప్రదించారని నివేదికలో రాస్తే పేరు రాయకపోయినా రాసినట్టే. జట్లవారీగా, అంతస్తులవారీగా లెక్కలు అడగడం మానుకోండి. మొత్తం సంస్థలో ఎంతమంది ఏ రకమైన సమస్యతో వచ్చారో చాలు, అది కూడా సంఖ్య పెద్దదై ఎవరినీ పోల్చుకోలేని స్థితిలో ఉన్నప్పుడే. లాగిన్‌కు ఆఫీసు మెయిల్ అక్కర్లేకుండా సొంత ఫోన్ నంబరు, ఒక కోడ్ సరిపోయేలా చేయించండి. కౌన్సెలర్‌ను ఆఫీసులోనే కూర్చోబెట్టాలనుకుంటే ఆ గదికి మామూలు గోడలుండాలి, దంత వైద్యుడో కంటి వైద్యుడో కూర్చునే అంతస్తులోనే ఉండాలి, అప్పుడు అటు వెళ్లే మనిషి ఎందుకు వెళ్తున్నాడో ఎవరికీ తెలియదు.

చట్టం కొంతవరకు మనకు దారి చూపుతోంది. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 తన 23వ సెక్షన్‌లో మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తికి తన ఆరోగ్యం, చికిత్స, సంరక్షణకు సంబంధించిన సమాచారంపై గోప్యత హక్కు ఇచ్చింది. 21వ సెక్షన్ శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధుల చికిత్సకూ బీమా వర్తింపజేయాలని బీమా సంస్థలను ఆదేశించింది. 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని నేరస్థుడిగా కాక, వేరే రుజువు లేనంతవరకు, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా భావించాలని చెప్పింది. వీటి విలువ చాలా పెద్దది. కానీ అప్పుల గురించో, అత్తగారితో తగవు గురించో, ఇంటర్ చదివే కొడుకు మొండితనం గురించో కౌన్సెలర్‌తో మాట్లాడే ఉద్యోగి ఆ చట్టం అర్థంలో రోగి కాడు. అతని మాటలకు ఆ సెక్షన్ రక్షణ దొరుకుతుందని ధైర్యంగా చెప్పలేం. అందుకే మీ ఒప్పందమే ఆ లోటు పూడ్చాలి. వ్యక్తిగత డిజిటల్ సమాచారం విషయంలో 2023లో చేసిన చట్టాన్ని మీ న్యాయ విభాగాలు కస్టమర్ల కోణం నుంచి చదువుతున్నాయి, ఈ సేవలో చేరే ఉద్యోగుల సమాచారం కోణం నుంచి కూడా ఒకసారి చదవమని అడగండి.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో తీర్పు ఇస్తూ, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గాని సైకాలజిస్టును గాని సామాజిక కార్యకర్తను గాని ఏర్పాటు చేసుకోవాలని మార్గదర్శకాలు జారీ చేసింది. కోచింగ్ సెంటర్లకు సైతం అవి వర్తిస్తాయి. ఆ పిల్లలే నాలుగైదేళ్లలో మీ గేట్ల ముందు వరుసలో నిలబడతారు. నిన్నటిదాకా వంద మందే ఉన్నా ఒక కౌన్సెలర్ ఉండే చోట చదువుకున్న అమ్మాయి, పదివేల మంది పనిచేసే ప్రాంగణంలోకి అడుగుపెట్టిన రోజు నుంచి తన దిగులు తనే మోసుకోవాలా? తెలంగాణ కార్మిక శాఖ కూడా ఈ సంగతి ఆలోచించాలని ఇక్కడే కోరుతున్నాను. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కిందికి వచ్చే పెద్ద కార్యాలయాలకు ఇలాంటి సేవను, దాని గోప్యతా నియమాలను తప్పనిసరి చేయడానికి ఎవరూ అడ్డుపడరని నా నమ్మకం.

గోప్యతకు హద్దులు లేవని నేను అనడం లేదు. మాట్లాడుతున్న మనిషి ప్రాణానికి గాని, మరొకరి ప్రాణానికి గాని తక్షణ ముప్పు ఉందనిపిస్తే కౌన్సెలర్ మౌనంగా ఉండకూడదు. పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. న్యాయస్థానం ఆదేశిస్తే చెప్పక తప్పదు. ఈ మినహాయింపులు ఉద్యోగికి మొదటి నిమిషంలోనే, తెలుగులో, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. మనిషి గుండె విప్పి చెప్పాక, ఫలానాది దాచలేనని చెప్పడం మోసం చేసినట్టవుతుంది. ఆ మినహాయింపు వచ్చినప్పుడు కూడా కబురు వెళ్లవలసింది కుటుంబంలో ఆ వ్యక్తి ముందుగా పేరు చెప్పిన మనిషికి, వైద్యులకు, అవసరమైతే పోలీసులకు. మేనేజర్‌కు కాదు.

కుటుంబాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ పోస్టర్లలో కుటుంబ సభ్యులకు కూడా అన్న మాట ఉంటుంది గాని ఆ మాట వెనక ఆలోచన తక్కువ. మా వెనక తలుపు తట్టినవారిలో సగం మంది కార్మికుల భార్యలే. నేడు మీ ఉద్యోగి భార్య ఆ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలంటే భర్త ఉద్యోగి నంబరు చెప్పాలి, ధ్రువీకరణ కోడ్ భర్త ఫోన్‌కు వెళ్తుంది. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికి ఇది సహాయం చేసే దారి కాదు, ఇంకా ప్రమాదంలోకి నెట్టే దారి. కుటుంబ సభ్యులకు ఉద్యోగితో సంబంధం లేకుండా విడిగా నమోదు ఉండాలి, వారు చెప్పిన మాట మీకు ఎలా తెలియకూడదో ఆ ఉద్యోగికి కూడా అలాగే తెలియకూడదు. చాలా పథకాల్లో కుటుంబం అంటే భార్యాభర్తలు, పిల్లలు. తల్లిదండ్రులు అందులో లేరు. కొడుకు గృహప్రవేశానికి వచ్చి కోకాపేట ఇరవై మూడో అంతస్తులో ఉండిపోయి, మాట్లాడే మనిషి లేక, ఊరికి తిరిగి వెళ్లలేక, పగలంతా బాల్కనీలో కూర్చునే తల్లులను నేను రోజూ చూస్తున్నాను. వారి దిగులు కొడుకు మీదికి, కోడలి మీదికి, చివరికి మీ పని మీదికి కూడా వస్తుంది. ఆ తల్లి ఇంగ్లిషులో మాట్లాడే కౌన్సెలర్‌తో ఏం చెప్పుకుంటుంది? మనసులో మాట మనిషి పుట్టిన భాషలోనే వస్తుంది. సిరిసిల్ల నుంచి వచ్చిన ఆమె "పానం మంచిగ లేదు" అంటే ఒంట్లో బాగాలేదనా, మనసు బాగాలేదనా అన్నది విని పోల్చుకోగల మనిషి అవతలి వైపు ఉండాలి. పాతబస్తీ నుంచి వచ్చే ఉద్యోగికి ఉర్దూలో మాట్లాడేవారుండాలి.

మరి మీ గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డు, అంతస్తులు తుడిచే హౌస్‌కీపింగ్ ఆమె, తెల్లవారుజామున మూడింటికి ఉద్యోగులను ఇళ్లకు దింపే క్యాబ్ డ్రైవరు, క్యాంటీన్ కుర్రవాళ్లు ఏమవుతారు? వారు ఏజెన్సీ మనుషులని, జాబితాలో లేరని మీ విభాగాలు చెబుతాయి. నిద్రలేని డ్రైవరు నడిపే బండిలో వెళ్లేది మీ ఉద్యోగులే. ఏజెన్సీలతో మీరు చేసుకునే ఒప్పందంలో ఒక్క క్లాజు చేర్చితే వారూ ఈ సేవలోకి వస్తారు. వారికి తక్షణం చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఏ సంస్థ ఉద్యోగి అని అక్కడ ఎవరూ అడగరు. మీ సొంత హెల్ప్‌లైన్ నంబరు పక్కనే ఈ నంబరు కూడా వేయండి. మీ సేవ మీద నమ్మకం కుదరనివారికి అదొక దారి. సెక్యూరిటీ వాళ్ల గదిలో, డ్రైవర్లు వేచి ఉండే షెడ్డులో, మరుగుదొడ్ల తలుపుల లోపలి వైపు అంటించండి. లిఫ్టులో పదిమంది మధ్య నిలబడి ఆ నంబరు ఫోన్లో ఎక్కించుకునే ధైర్యం ఎవరికీ ఉండదు.

కౌన్సెలర్లుగా ఎవరిని పెడుతున్నారో కూడా చూడండి. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. మాటలతో తీరే కష్టాన్ని, మందులు అవసరమైన జబ్బును వేరుచేసి గుర్తించగలగడం, గుర్తించిన వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపగలగడం ఈ పనిలో అన్నింటికన్నా ముఖ్యం. రెండు రోజుల శిక్షణతో సర్టిఫికెట్ తెచ్చుకున్నవారి చేతుల్లో ఇలాంటి పని పెట్టకూడదు. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా బాధితులకు చికిత్స అందడం లేదని తేల్చింది. అందకపోవడానికి వైద్యుల కొరత ఒక కారణమైతే, సిగ్గు మరో పెద్ద కారణం. మన నగరంలో ఒక పేట పేరే తిట్టుగా మారిపోయింది. ఎవరైనా కొంచెం తేడాగా మాట్లాడితే ఎర్రగడ్డకు పంపాలని నవ్వుతారు. ఎందరినో బాగుచేసి ఇళ్లకు పంపిన ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న చోటు అది. ఆ మాట మీ సమావేశ మందిరాల్లో, టీ బల్లల దగ్గర వినిపిస్తే అక్కడున్న పెద్దవారెవరైనా ఆపాలి. ఆ మాటకు అందరూ నవ్విన గదిలో, తనకు నిద్ర పట్టడం లేదని చెప్పే ధైర్యం ఎవరికి వస్తుంది?

ఇంకొక సంగతి మీకు నచ్చకపోయినా చెప్పాలి. కౌన్సెలింగ్ సేవ ఉంది కదా అని పని భారం గురించిన ఫిర్యాదులన్నీ అటు తోసేయడం అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సెప్టెంబరులో పనిచోట మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు వెలువరించింది. వ్యక్తులకు సహాయంతో పాటు పని పద్ధతులనే సరిదిద్దాలని, మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలని అందులో సూచించింది. దిగులు, ఆందోళనల వల్ల ప్రపంచమంతటా ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ఆ సంస్థ అంచనా. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసే పై అధికారి ఉన్నంతకాలం, పగలు మూడింటికి చేసే కౌన్సెలింగ్ ఎంతవరకు నిలుస్తుంది? లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే దాన్ని 2013 నాటి చట్టం ప్రకారం అంతర్గత కమిటీయే విచారించాలి. బాధితురాలిని కౌన్సెలింగ్‌కు పంపి విషయం ముగిసిందనుకోవడం ఆమెకు రెండోసారి చేసే అన్యాయం. అదే విధంగా, పనితీరు బాగాలేదని మెమో ఇచ్చి, దాని కిందే కౌన్సెలింగ్‌కు హాజరు కావాలని రాస్తే ఆ క్షణం నుంచి కౌన్సెలింగ్ అంటే శిక్ష అన్న పేరు పడిపోతుంది.

ఈ లేఖ అందిన సంస్థలు ముందుగా ఒక పని చేయాలని వేడుకుంటున్నాను. మీ హెల్ప్‌లైన్ ఒప్పందాన్ని బయటికి తీసి చదవండి. ఉద్యోగి మాట్లాడిన సంగతి ఎవరెవరికి తెలుస్తుంది, ఎక్కడ నిల్వ ఉంటుంది, ఎన్నేళ్లు ఉంటుంది, సేవా సంస్థను మార్చినప్పుడు ఆ కాగితాలు ఏమవుతాయి అన్న నాలుగు ప్రశ్నలకు అందులో జవాబు ఉందో లేదో చూడండి. ఉంటే ఆ జవాబును ఒక్క పేజీలో, తెలుగులో, మీ సంస్థాధిపతి సంతకంతో ఉద్యోగులకు, వారి ఇళ్లకు పంపండి. లేకపోతే రాయించి పంపండి. పాత పర్సనల్ ఫైళ్లలో, హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికే చేరిపోయిన అలాంటి నోట్లు ఉంటే వాటిని అప్రైజల్, పదోన్నతి రికార్డుల నుంచి వేరుచేయండి, ఆ విషయం సంబంధిత ఉద్యోగికి చెప్పండి. నేను రాసిన నోటును ఫైలు నుంచి తీయించడానికి 1998లో రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. రికార్డు నుంచి కాగితం తీయడానికి నిబంధన లేదని జవాబు వచ్చింది. ఆ కార్మికుడు ఆ హోదాలోనే 2006లో పదవీ విరమణ చేశాడు. మీ దగ్గర ఆ నిబంధన రాయవలసినవారు మీరే.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక సంక్షేమ అధికారి,
కూకట్‌పల్లి, హైదరాబాద్.